మూడో గడి

మా బాబాయి ఆస్పత్రిలో గొట్టాలు కడిగేవాడు. ఇలా చెబితే మా నాన్నకి నచ్చేది కాదు. "ఆస్పత్రిలో ఉద్యోగం" అనమనేవాడు, అక్కడితో ఆపమనేవాడు. బాబాయి మాత్రం ఎవరడిగినా గొట్టాలు కడుగుతాననే చెప్పేవాడు. నోట్లోంచి కడుపులోకి పంపి లోపల ఏముందో చూసే కెమెరా గొట్టాలవి. ఒకరి కడుపులోంచి తీసిన వెంటనే గుడ్డతో తుడిచి, గొట్టం లోపలి సన్నటి దారిలోకి పొడవాటి బ్రష్షు దూర్చి లాగి, మందునీళ్ళ తొట్టిలో ముంచి, గడియారం చూసి తీసి, మంచినీళ్ళతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, బీరువాలో నిలువుగా వేలాడదీసేవాడు. చుట్టిపెడితే లోపల తడి నిలిచిపోతుందట.

డాక్టరు గొట్టం పంపేటప్పుడు రోగి చెయ్యి పట్టుకోవడం కూడా ఆయన పనే. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి, ముక్కుతో గాలి పీల్చమని, తన చెయ్యి ఎంత నలిపినా పర్వాలేదని చెప్పేవాడు. కొందరు నిజంగానే నలిపేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన మణికట్టు మీది గోళ్ళ గాట్లు నేను లెక్కపెట్టేదాన్ని.

"ఈ రోజు ఎనిమిది మంది. అయిదుగురి కడుపుల్లో ఏమీ లేదు. ఏమీ లేనివాళ్ళే ఎక్కువ ఏడుస్తారమ్మా గుమాస్తా," అనేవాడు. నా చేతిరాత బాగుంటుందని నన్ను గుమాస్తా అని పిలిచేవాడు.

అలా ఊరందరి కడుపులూ చూసిన మనిషికి ఒక్క పూట అన్నం సుఖంగా అరిగేది కాదు. ఎందుకు అరిగేది కాదో మా ఇంట్లో ఆ నాలుగు గోడలకీ తెలుసు, మాకే తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఇన్నాళ్ళూ చించుకోకుండా దాచి బావుకున్నదేమీ లేదు.

మా నాన్న సంగతి చెబితే తప్ప బాబాయి సంగతి అర్థం కాదు. నాన్న సిమెంటు పైపుల ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ. అక్కడ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. షిఫ్టు దిగే ముందు పనివాళ్ళందరూ ఆయన బల్ల చుట్టూ పది నిమిషాలు నిలబడాలి. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఏ పైపు పగిలింది, ఎవరి వల్ల పగిలింది, ఒక్కొక్కటే తేల్చి, ఒప్పుకున్నాక పంపేవాడు. సమీక్ష అనేవారు దాన్ని. నాన్న షిఫ్టులో పైపులు తక్కువ పగిలేవని ఫ్యాక్టరీవాళ్ళు ఒకసారి గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. పైపులకి పనికొచ్చిన పద్ధతి మనుషులకి ఎందుకు పనికిరాదనుకున్నాడో ఏమో, దాన్ని ఇంటికి తెచ్చాడు. ఇంట్లో అందరూ ఒకచోట ఉండేది ఏడున్నర భోజనాల దగ్గరే. కాబట్టి సమీక్ష అక్కడ పెట్టాడు.

ఆయన అరిచేవాడు కాదు, చెయ్యెత్తడం అసలు ఎరగడు. అరిచినా బాగుండేది, పక్కింటివాళ్ళు వినేవారు. అందరికీ వడ్డన అయ్యేదాకా ఆగి, మొదటి ముద్ద కలిపాక, కూర ఎలా ఉందో చెప్పినంత మామూలుగా, "తమ్ముడూ, నీ సంగతి ఒకటుంది," అనేవాడు. బాబాయి ముద్ద చేతిలో పట్టుకుని, "చెప్పన్నయ్యా," అనేవాడు. ఇక మొదలు. సంగతి తేలేదాకా ఎవరూ లేవకూడదు. తినడం ఆపకూడదు కూడా, అన్నం మీద అలిగినట్టవుతుంది. అందుకని బాబాయి వింటూ తినేవాడు, తింటూ తలూపేవాడు. మధ్య మధ్య ఎడమ చెయ్యి బల్ల కిందకి పోయేది. ఆ చెయ్యి కడుపు మీద ఉండేదని చాలాకాలానికి గానీ నేను గమనించలేదు.

సంగతులంటే పెద్దవేం కావు. గొడుగు ఎవరికో ఇచ్చి మర్చిపోయాడు. పంపు సరిగా కట్టలేదు. సైకిలు తాళం పోగొట్టాడు. వీధి చివర ఎవరితోనో అరగంట నిలబడి నవ్వాడు. పెళ్ళి సంబంధం ఒకటి ఆ బల్ల మీదికే వచ్చింది, ఆ బల్ల మీదే పోయింది. వాళ్ళు ఎందుకు వద్దని ఉంటారో నాన్న నలభై నిమిషాలు కారణాలు విడమర్చి చెప్పాడు. బాబాయి అన్నిటికీ అవునన్నాడు. నావీ ఉండేవి, అమ్మవీ ఉండేవి, కానీ అవి వారానికొకటో రెండో. బాబాయివి రోజూ. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. పైగా అన్న ఇంట్లో తినే తమ్ముడాయె.

నాకు పదేళ్ళప్పుడు ఆయన కడుపు మొదలైంది. భోజనమైన అరగంటకి మంచం మీద కూర్చుని, తలగడ కడుపుకి ఆనించుకుని, ముందుకి వంగిపోయేవాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పేవాడు. లోపలి చప్పుడు మాకు వినిపించకూడదని ఆయన పాట్లు. మా ఇల్లు రెండు గదుల ఇల్లు, కుళాయి తిప్పగానే ఎందుకు తిప్పాడో అందరికీ తెలిసిపోయేది. ఆదివారం మరీ ఘోరం. ఆ రోజు నాన్న మధ్యాహ్నం కూడా ఇంట్లోనే తినేవాడు.

చివరికి ఆయన పనిచేసే డాక్టరే ఆయనకి గొట్టం వేశాడు. ఆ రోజు బాబాయి చెయ్యి ఇంకెవరో పట్టుకున్నారట. లోపల ఏమీ లేదు, అంతా శుభ్రం. అప్పుడు డాక్టరు, "నువ్వు తినేటప్పుడు పక్కన ఎవరు మాట్లాడుతుంటారయ్యా?" అని అడిగాడట. ఇది బాబాయి నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పాడు. కడుపుకీ మెదడుకీ మధ్య నరాలున్నాయని, అవి రోజంతా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయని డాక్టరు చెప్పాడట. మనిషి బెదిరితే ఒళ్ళు పారిపోవడానికి సిద్ధమవుతుంది, అన్నం అరిగించే పని పక్కన పెడుతుంది. కొందరికి పేగులు బిగుసుకుపోతాయి, కొందరికి పరుగులు పెడతాయి. రోజూ అదే జరిగితే పేగులు సున్నితమైపోయి, మామూలు కదలిక కూడా నొప్పిగానే తెలుస్తుంది. పుండు లేకపోయినా నొప్పి మాత్రం అబద్ధం కాదు. అంతా విని బాబాయి, మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరండీ అని చెప్పి వచ్చాడు.

డాక్టరు ఊరుకోలేదు. ఒక నెల పాటు కాగితం మీద రాసి తెమ్మన్నాడు. మూడు గళ్ళు గీయాలి. మొదటి దాంట్లో తేదీ, రెండో దాంట్లో ఏం తిన్నాడో, నొప్పి ఎప్పుడొచ్చిందో. మూడో దాంట్లో ఆ సమయంలో అక్కడ ఏం జరుగుతోందో.

రాసిపెట్టడమనేసరికి నాన్నకి ప్రాణం లేచొచ్చింది. ఇదీ పద్ధతంటే, అన్నాడు. గుమాస్తాని నేనే కాబట్టి భోజనాల బల్ల మీదే స్కేలు పెట్టి సిరాతో గళ్ళు గీశాను. నాన్న మూడో గడి చూసి గరిటె ఆపాడు.

"ఇదెందుకు? జరిగేదేముంది, భోజనం జరుగుతోంది. చోటు దండగ. రెండు చాలు."

బాబాయి ఆ కాగితం వంక చూశాడు. నా వంక చూశాడు. అప్పటికే సిరాతో గీసేశాను కాబట్టి మూడో గడి అలాగే ఉంచి, అందులో ఏమీ రాయకుండా, కాగితాన్ని వంటింటి తలుపుకి అంటించాను.

నెల రోజుల కోసం గీసిన కాగితం డాక్టరు దాకా వెళ్ళకుండానే ఆ తలుపు మీద నాలుగేళ్ళు నడిచింది. నొప్పి వచ్చిన రోజు ఏం తిన్నాడో చూసి, దాన్ని రెండో గడిలో రాసి, మళ్ళీ ఇంట్లో ఆయనకి పెట్టకుండా మానేసేవాళ్ళం. మొదట పచ్చిమిరపకాయ పోయింది. తర్వాత పాలు, వంకాయ, ఉల్లిపాయ, గుడ్డు, చేప, నూనె. ఒక రోజు ఉత్త అన్నంలో ఉప్పు వేసుకుని తిన్నా నొప్పి వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఆ రోజు బుద్ధి రావలసింది. నాన్న ఆలోచించి, బియ్యం మారుద్దామన్నాడు. మార్చాం కూడా.

ఆ నాలుగేళ్ళూ అమ్మ రెండు వంటలు చేసింది. మా ముగ్గురికీ పెద్ద గిన్నె, బాబాయికి చిన్న గిన్నె. ఆ చప్పిడి కూర రుచి చూసి ఆమె మొహం ఒకలా పెట్టేది, అయినా ఏదో ఒకటి మార్చి, చిటికెడు జీలకర్రో ఏదో కలిపి, ఎలాగైనా ఆయన నోటికి హితవుగా ఉండేలా చూసేది. అత్తగారు పోతూ పోతూ ఈ పిల్లాణ్ణి నా చేతిలో పెట్టిందని ఎవరొచ్చినా చెప్పేది. నాన్న మీద నాకెంత కోపమున్నా అమ్మ మీద లేదు, రాదు. అందుకే జరిగినదాంట్లో అమ్మ పాత్ర తలుచుకుంటే ఇంకా చేదుగా ఉంటుంది.

నాకు పద్నాలుగో ఏడు. ఒక రోజు బాబాయి అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడు. ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. గొట్టాల గదిలో లేడు, క్యాంటీన్లో ఉన్నాడన్నారు. వెళ్ళి చూద్దును కదా, బాబాయి ముందు పళ్ళెంలో ఎర్రగా కారం పట్టించి వేయించిన చేప ముక్కలు రెండు, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, గుడ్డు. మా తలుపు మీది కాగితం మొత్తం ఆ పళ్ళెంలో ఉంది. క్యాంటీన్ నడిపే ఆవిడ పక్కన నిలబడి, చచ్చిన చేప ఎక్కడికీ పారిపోదు, నెమ్మదిగా తినండి అని ఆటపట్టిస్తోంది. బాబాయి నోటినిండా అన్నంతో నవ్వుతున్నాడు. ఆయన తింటూ నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

నన్ను చూడగానే ఆ నవ్వు పోయింది. తర్వాత పక్క కుర్చీ లాగాడు.

"గుమాస్తా, ఇది రాయకు," అన్నాడు.

నేను పకపకా నవ్వి ఒక చేప ముక్క లాగేసుకున్నాను. తర్వాత గొట్టాల గదిలో ఒక మూల స్టూలు మీద గంటసేపు కూర్చున్నాను, ఆయనకి నొప్పి వస్తుందేమో చూద్దామని. రాలేదు. ఈల వేసుకుంటూ మూడు గొట్టాలు కడిగాడు. ఇక్కడ ఏం తిన్నా ఏమీ కాదని, తనూ చాలాసార్లు చూశానని చెప్పాడు. క్యాబేజీ ఒక్కటే ఎక్కడా పడదట. మరి అమ్మ కట్టిన డబ్బా ఏం చేస్తావని అడిగితే, అదీ తింటాను, వదిన చేతిది పారేస్తానా అన్నాడు. నా కళ్ళముందే ఆ చప్పిడి అన్నం కూడా మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలకి ఆస్పత్రివాళ్ళు ఆయనకి క్వార్టరు ఇస్తామని కాగితం ఇచ్చారు. ఆస్పత్రి వెనకాల వరసగా ఉన్న గదుల్లో చివరిది. శనివారంలోగా సంతకం పెట్టాలి. ఎవరికీ చెప్పకుండా ముందు నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఒక గది, గోడకి ఒక అరుగు, దాని మీద పొయ్యి పెట్టుకోవచ్చు. కిటికీలోంచి చూస్తే లాండ్రీవాళ్ళు తీగల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు. అరుగు మీద అప్పటికే ఒక పళ్ళెం, ఒక గ్లాసు కొని పెట్టుకున్నాడు. ఒక్కటే పళ్ళెం. దాన్ని తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టాడు.

"ఇక్కడ నెల రోజులు తిన్నాననుకో, ఆ కాగితం మీరు చింపేసుకోవచ్చు," అన్నాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఆదివారాలు నేను వచ్చి అన్నం వండుతానన్నాను. నీకు వండటం రాదుగా అన్నాడు.

శుక్రవారం భోజనాల దగ్గర, వడ్డన అయ్యాక, నాన్న నోరు తెరవకముందే బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, నా సంగతి ఒకటుంది," అన్నాడు. మా ఇంట్లో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు, అదే చివర. క్వార్టరు విషయం చెప్పాడు. రెండు ముక్కల్లో చెప్పి ఆపేశాడు.

నాన్నకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. వెళ్ళడం మంచిదే, కాదనను, అన్నాడు. అయితే ఒక్కొక్కటే చూద్దామన్నాడు. అక్కడ వండేది ఎవరు? ముప్పై ఒక్క వస్తువు పడని మనిషికి ఏ హోటలువాడు వండి పెడతాడు? మీ వదిన కాబట్టి చిన్న గిన్నె పెట్టి నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు నొప్పి వస్తే నీళ్ళిచ్చేదెవరు? తలుపు మీద కాగితం ఉందిగా, నువ్వే చదువు, అన్నాడు. బాబాయి తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. ఎడమ చెయ్యి బల్ల కింద ఉంది. ఇంకో నిమిషం పోతే అలాగే అన్నయ్యా అంటాడని నాకు తెలిసిపోయింది. ఆ పళ్ళెం, ఆ గ్లాసు నా కళ్ళముందు తిరిగాయి. ఆగలేకపోయాను.

"బాబాయికి అక్కడ ఏమీ కాదు నాన్నా. క్యాంటీన్లో అన్నీ తింటాడు. చేప, కారం, ఉల్లిపాయ, అన్నీ. నేను చూశాను. గంటసేపు కూర్చుని చూశాను. ఏమీ కాలేదు."

నేను గెలిపించాననే అనుకున్నాను. అమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టింది.

"అయితే పడనిది నా చేతి వంటన్నమాట," అంది.

బాబాయి లేచి నిలబడ్డాడు, సమీక్ష మధ్యలో. అది కాదు వదినా, అన్నాడు. మరి ఏది, అని అమ్మ అడిగింది. నిజంగానే అడిగింది, దెప్పడానికి కాదు. మూడో గడిలో రాయవలసింది ఆ రోజు ఆయన నోటితో చెప్పి ఉండవచ్చు. నాన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నెమ్మదిగా ముద్ద కలుపుతున్నాడు. బాబాయి అన్న వంక చూశాడు, వదిన వంక చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఏదీ కాదు వదినా, అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తోందని పాత్రల చప్పుడుని బట్టి తెలిసింది. చూశావుగా, అన్నాడు నాన్న. అంతే.

మర్నాడు బాబాయి క్వార్టరు కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం అమ్మ తలుపు మీది కాగితం తనే పీకి, పొయ్యిలో పడెయ్యమని నా చేతికిచ్చింది. చిన్న గిన్నె అటక ఎక్కింది. ఏడున్నరకి మా అందరికీ వడ్డించినదే ఆయనకీ వడ్డించింది. వేపుడు, కారం, అన్నీ. ఎలా ఉందని అడిగింది. చాలా బాగుంది వదినా, అన్నాడు. అరగంట తర్వాత కుళాయి తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. మనిషికి జబ్బు లేదని తేలిపోయింది కదా, ఇక అడగడానికేముంది.

ఆయన క్వార్టరు ఒక అంబులెన్సు డ్రైవరుకి ఇచ్చారు. గొట్టాల గది కిటికీలోంచి చూస్తే ఆ గది తలుపు కనిపిస్తుంది. బాబాయి ఇంకో ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కిటికీ దగ్గరే నిలబడి గొట్టాలు కడిగాడు, మధ్యాహ్నం సుఖంగా తిన్నాడు, సాయంత్రం ఇంటికొచ్చి అనుభవించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని, ఇద్దరం ఏడ్చి, తేలికపడేవాళ్ళం. గుమాస్తా అనడం మాత్రం మానేశాడు. అమ్మా అని పిలిచేవాడు, అందరు బాబాయిల్లాగే.

నాన్న రిటైరయ్యాక ఫ్యాక్టరీ సమీక్ష కూడా ఇంటికే వచ్చి చేరింది, రెండు పూటలా. అమ్మ పోయినప్పుడు నాన్న కన్నా బాబాయే ఎక్కువ ఏడ్చాడు. నాన్న చివరి ఆరు నెలలూ మంచాన పడ్డాడు, అప్పుడు ఆయనకి చెంచాతో అన్నం పెట్టింది బాబాయే. చెంచాకీ చెంచాకీ మధ్య ఆయన గొంతు పెగల్చుకుని, "తమ్ముడూ, నీ సంగతి..." అనేవాడట. మింగిన తర్వాత చెబుదువులే అన్నయ్యా, అని బాబాయి మూతి తుడిచేవాడట. ఇది ఆయనే నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

నాన్న పోయాక బాబాయిని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, కూతురు కాలేజీ. బాబాయి వచ్చిన మొదటి రోజే ఇంట్లో రూలు పెట్టాను. భోజనాల దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు, ఏ సంగతీ ఎత్తకూడదు, ఉంటే తర్వాత చూసుకుందామని. అచ్చం మీ నాన్నగారు చెప్పినట్టే చెప్పావని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ సంగతి భోజనాలయ్యాక ఆయనతో తేల్చుకున్నాను.

మొదటి నెల బాబాయి తలెత్తకుండా, ఎవరైనా తుమ్మితే ఉలిక్కిపడుతూ తిన్నాడు. రెండో నెలలో ఉల్లిపాయ అడిగాడు. మూడో నెలలో మా అమ్మాయి కాలేజీ కబుర్లకి తింటూ నవ్వాడు. అరవై ఆరేళ్ళకి నాలుగు కిలోల బరువు పెరిగాడు. పాత చొక్కాలు బిగుతయ్యాయి. కుళాయి మామూలుగా, చేతులు కడుక్కునేంతే తిరిగేది. నేను సాధించానని స్కూల్లో పదిమందికి చెప్పుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

ఆ రోజుల్లోనే మా పాత పెట్టెలో నా తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం దొరికింది. లోపల మడతపెట్టిన కాగితం. అమ్మ పొయ్యిలో పడెయ్యమన్నది నేను దాచుకున్నాను, నా చేతిరాత కదా అని. తేదీలు, వస్తువులు, పక్కన ఖాళీగా మూడో గడి. రెండు రోజులు కూర్చుని గుర్తొచ్చినంతవరకు నింపాను. పాల పక్కన, నా ప్రోగ్రెస్ కార్డు మీద బాబాయి దొంగచాటుగా సంతకం పెట్టిన సంగతి తేలింది, అని రాశాను. వంకాయ పక్కన గొడుగు. గుడ్డు పక్కన సైకిలు తాళం. ఉల్లిపాయ పక్కన పెళ్ళి సంబంధం. ఉప్పు అన్నం పక్కన, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టినందుకు, అని. ముప్పై ఒకటిలో పందొమ్మిది గుర్తొచ్చాయి. మిగతావి ఎంత ఆలోచించినా రాలేదు. క్యాబేజీ పక్కన, నిజంగానే క్యాబేజీ, అని రాశాను.

ఈ కాగితం ఆయనకి చూపించి, తప్పు నీది కాదు, చేపది కాదు, అమ్మ వంటది కూడా కాదు బాబాయ్ అని చెప్పాలనుకున్నాను. ఆ శుక్రవారం నేను నోరు జారినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ తర్వాతైనా అడగాలి కదా.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు, అమ్మాయి స్నేహితురాలి ఇంటికి. బాబాయికి ఇష్టమని చేప వేయించాను. ఆయన పళ్ళెం ముందు కూర్చుని, వాసన పీల్చి, క్యాంటీన్ ఆవిణ్ణి మించిపోయావన్నాడు. కాగితం నా పళ్ళెం కింద పెట్టుకున్నాను. ఎప్పుడు మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆయన వడ్డించుకునేదాకా ఆగాను, మొదటి ముద్ద కలిపేదాకా ఆగాను. తర్వాత నెమ్మదిగా, మామూలు గొంతుతో అన్నాను.

"బాబాయ్, నీ సంగతి ఒకటుంది."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆయన దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. వీపు నిటారుగా అయింది. ఎడమ చెయ్యి బల్ల కిందికి పోయింది.

"చెప్పమ్మా," అన్నాడు.

ఏం లేదు బాబాయ్, ఊరికే, తిను తిను, అన్నాను. కాగితం బయటికి తియ్యలేదు. చేప బాగా కుదిరిందా అని అడిగాను, ఎండ గురించి ఏదో వాగాను. ఆయన తలూపుతూ, పళ్ళెంలో ఉన్నదంతా, మెతుకు వదలకుండా తిన్నాడు. అన్నం మీద అలగడం ఆయనకి తెలియదు. చెయ్యి మాత్రం పైకి రాలేదు.

అరగంట తర్వాత బాత్రూంలో కుళాయి తిరిగింది, పూర్తిగా. నేను బల్ల దగ్గరే కూర్చుని ఆ నీళ్ళ చప్పుడు విన్నాను. అది ఎంతసేపటికీ ఆగలేదు. కాగితం తీసి, అన్నిటికన్నా అడుగున మిగిలిన వరుసలో ఆ రోజు తేదీ వేశాను. రెండో గడిలో చేప అని రాశాను. మూడో గడిలో నా పేరు రాశాను.